కర్టెన్ వెనక అన్నయ్య

మా వదిన కర్టెన్లు కుడుతుంది. షాపు ముందుగదిలో ఎటు చూసినా వేలాడే బట్టే. మధ్యాహ్నం కిటికీ తెరిస్తే గాలి ఆ చివర దూరి ఈ చివర బయటికొచ్చేదాకా రంగులన్నీ మెల్లగా ఊగుతాయి. నేల మీద పచ్చటి వెలుగూ నీలం వెలుగూ ఒకదాని మీదికి ఒకటి జరుగుతుంటాయి. అక్కడ కూర్చుంటే నాబోటి నోటిదురుసు మనిషి కూడా మెత్తబడుతుంది. కాసేపే అనుకోండి.

మా అన్నయ్య బతికున్న రోజుల్లో ఎవరొచ్చినా మడతలన్నీ విప్పి పరిచేవాడు. వాళ్ళు తడిమి, బాగున్నాయని మెచ్చుకుని, చక్కా పోయేవాళ్ళు. తిరిగి మడతపెట్టే చాకిరీ వదినది.

"ఊరికే చూసిపోయేవాళ్ళకి ఇంత మర్యాదా?" అని సణిగేది.

"చూడనీవే. చూస్తే అరిగిపోతుందా?" అనేవాడు అన్నయ్య.

వెబ్‌సైటు పెట్టినప్పుడు ఫోటోలు కూడా ఇద్దరే తీసుకున్నారు. అన్నయ్య స్టూలెక్కి, కర్టెన్ పై అంచు రెండు చేతులా పట్టుకుని, దాని వెనక దాక్కునేవాడు. వదిన ఫోటో తీసేది. అందుకే ప్రతి కర్టెన్ పైనా అన్నయ్య వేళ్ళు కనిపిస్తాయి. చూపుడువేలికి ఎప్పుడూ సూది గుచ్చుకున్నచోట ప్లాస్టరు. అన్నయ్య పోయాక వదినకి ఆ వేళ్ళే లోకమైపోయాయి. మొహం ఉన్న ఫోటోలు లేకపోలేదు. కాని అవన్నీ ఎవరో నవ్వమంటే నవ్వినవి.

ఆ ఫోటోలు మహా పెద్దవి. అన్నీ వెనకగదిలో ఉన్న ముసలి కంప్యూటర్లోనే ఉండేవి, వెబ్‌సైటు మొత్తం దాని మీదే నడిచేది. ఫోటో తెరిస్తే పైనుంచి కిందికి తీరిగ్గా దిగేది. ముందు వేళ్ళు, తర్వాత అంచు, ఎప్పటికో పువ్వులు. పువ్వులొచ్చేలోగా కొనేవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయేవాళ్ళు. వదిన మాత్రం వేళ్ళు వచ్చేసరికే ఇంకెక్కడికో వెళ్ళిపోయేది.

మా ఆయన పని వెబ్‌సైట్లు చేయడం. "అక్కయ్యా, ఫోటోలు చిన్నవి చేసి, పైన కాస్త కత్తిరిద్దాం" అన్నాడు.

వదిన చేతిలో కత్తెర కింద పెట్టింది. "వేళ్ళ జోలికి రాకు తమ్ముడూ."

"సరే, కత్తిరించను. మన కంప్యూటరు మీద బరువు దించుదాం. చాలా ఊళ్ళలో సర్వర్లుంటాయి. ఏ ఊళ్ళో ఎవరు ఫోటో అడిగినా అక్కడి సర్వరు ఒకసారి మన దగ్గర నకలు తీసుకుని దాచుకుంటుంది. తర్వాత ఆ ఊరివాళ్ళకి అక్కడినుంచే ఇస్తుంది."

"అయితే మీ బావ ఊరూరా ఉంటారన్నమాట" అంది వదిన.

షాపు దాటి ఎరగని మనిషి మా అన్నయ్య. ఇక రోజూ ఇదే వరస. "ఇవాళ ఎక్కడెక్కడున్నారు?" అని అడిగేది. మా ఆయన ఊళ్ళ పేర్లు చదివేవాడు. ఒకటి సముద్రం పక్కదట, ఒకచోట మంచు కురుస్తోందట. వదిన మిషను తొక్కడం ఆపేసి వినేది. ఆ ఊళ్ళన్నిటిలోనూ ఒక్కో కిటికీ దగ్గర స్టూలెక్కి నిలబడ్డ అన్నయ్యని నేనూ చూశాను, అబద్ధమెందుకు. వెబ్‌సైటు కూడా ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకుంటోంది.

అంతా బాగుందనుకుంటుంటే వదిన కొంప ముంచింది. బరువు దించడమంటే ఆవిడకి దించడమే. ఫోటోలు ఎలాగూ ఊళ్ళకి చేరాయి కదా, ముసలి కంప్యూటరుకి ఇంకా ఎందుకీ మోత అని అన్నీ చెరిపేసింది. శుభ్రం ఎక్కువ కదా, అందులోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "అక్కడున్నవి నకళ్ళే అక్కయ్యా. పాతబడగానే పారేసి, మళ్ళీ మన దగ్గరికే అడగడానికొస్తాయి."

"పాతబడేదెప్పుడు?"

"రేపో మాపో. ఎవరూ చూడని ఫోటో అయితే అసలు ఏ ఊళ్ళోనూ ఉండదు."

వదిన మిషను పట్టీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

మా ఆయన కూర్చుని ఒక్కో ఊరి సర్వరునీ అడగడం మొదలుపెట్టాడు. ఒకచోట ఎర్రది దొరికింది, ఒకచోట పువ్వులది. సాయంత్రానికి అన్నీ వచ్చాయి, లేత నీలంది తప్ప. అన్నయ్య ఆఖరుసారి పట్టుకుని నిలబడ్డది అదే. వెలిసిపోయినట్టుందని దాన్ని ఎవరూ కొనలేదు.

"ఇంత లోకంలో ఒక్కరైనా చూసి చావలేదా?" అని నేను ఎవరినో తిట్టుకున్నాను.

"ఉండు" అన్నాడు మా ఆయన.

మేమెవరం పేరు కూడా వినని ఊరు. అక్కడుంది. నీలం తెర ఒక్కసారిగా తెరుచుకుంది, పైన ప్లాస్టరు వేలితో సహా.

వదిన కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "ఎవరు కొన్నారు?"

"కొనలేదక్కయ్యా. ఎవరో ఊరికే చూసిపోయారు."

మా ఆయన ఆ ఫోటోలు మూడు చోట్ల భద్రం చేశాక గాని ఇంటికి రాలేదు.

మొన్న షాపుకి ఒకావిడ వచ్చింది. మడతలన్నీ విప్పించింది, తడిమింది, కొనే మొహం మాత్రం కనబడలేదు. నాకు ఒళ్ళు మండి, "అమ్మా, తీసుకుంటారా లేదా?" అనబోయాను.

వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "చూడనీవే. చూస్తే అరిగిపోతుందా?"

ఆ మాట అని, స్టూలు జరుపుకుని ఎక్కి, లేత నీలం కర్టెన్ పై అంచు రెండు చేతులా పట్టుకుని దాని వెనక నిలబడింది.