మామ నా చేతులతో ఆపిన నెత్తురు

నా చిన్నప్పుడు, మగ్గాల పనికి వలసపోయి ఉధ్నాలో మేమున్న అద్దె గదికి మా మేనమామ యుద్ధం నుంచి వచ్చాడు. సైన్యంలో గాయపడిన వాళ్లకు కట్లు కట్టి మోసుకొచ్చే పని ఆయనది. గుండు పేలి ఇనుప ముక్కలు దిగడంతో ఆయన కుడిచేతి వేళ్లు వంగడం మానేశాయి.

గది వెనకే సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడేవి. ఆ మోత మొదలుకాగానే మామ చెవులు మూసుకుని గోడవారన ముడుచుకుపోయేవాడు. దవాఖానకు రమ్మంటే రాడు. అమ్మ అన్నం కలిపి పెట్టబోతే కంచం తోసేసేవాడు.

"నన్ను ఆడనే వదిలేస్తే అయిపోవు గదక్కా" అన్నాడొకసారి. అమ్మ ఆ కంచాన్ని మళ్లీ ఆయన ముందుకే జరిపింది.

ఒక మధ్యాహ్నం పక్కింటి అన్న చెయ్యి సాంచెను తిప్పే పట్టాలో చిక్కుకుంది. తోటివాళ్లు ఆయన్ను మా గడపలోకి మోసుకొచ్చారు. నెత్తురు చిమ్ముతోంది. అమ్మ రిక్షా కోసం ఉరికింది. మామ ఎడమచేత్తో గుడ్డ అదిమాడు గానీ, ఆ చెయ్యి వణికి జారిపోతోంది. జనం వెనక్కి జరిగారు. తొమ్మిదేళ్ల నన్ను పిలిచాడు.

"బిడ్డా, నీ రెండు చేతులియ్యి. గీడ ఒత్తు. నేను చెప్పేదాక తియ్యకు."

"భయమైతాంది మామా."

"నాకు గూడ అయితాంది. ఒత్తు."

నా చేతుల మీద తన బరువంతా మోపాడు. రిక్షాలో దవాఖాన చేరేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. పక్కింటి అన్న బతికాడు.

అక్కడి కుళాయి దగ్గర నా చేతులు కడుగుతూ మామ ఏడ్చాడు. "ఆడ లడాయిల ఇద్దరు పడ్డరు బిడ్డా. ఒకన్ని ఒత్తి పట్టుకున్న. ఇంకోడు నన్ను పిలుస్తనే ఉండె. పిలిచి పిలిచి సప్పుడు బందువెట్టిండు."

మర్నాడు మామ అదే దవాఖానలో తన చెయ్యి చూపించుకున్నాడు. నెలల తరబడి పళ్లు బిగబట్టి వేళ్లు వంచడం నేర్చుకున్నాడు. అవి సగమే వంగాయి. సాంచెల మోతకు ఉలికిపాటు మాత్రం ఎప్పటికీ పోలేదు. అన్నం కలపమని మటుకు అమ్మను తనే అడిగేవాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. నిరుడు మా ఆయన ఆఖరి ఘడియల్లో ఊపిరందక కొట్టుకుంటున్నప్పుడు ఆయన్ను పట్టుకున్న నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయినా వదల్లేదు. భయం తగ్గాక పట్టుకుందామనుకుని ఉంటే, ఆయన ఒంటరిగా పోయేవాడు.