నాలుగు వేళ్ల దారం

మా విమాన టికెట్ల ఆఫీసు పెద్దాయన పోయారని పోయిన నెల ఢిల్లీకి ట్రంక్ కాల్ వచ్చింది. శిక్షణ కోసం వెళ్లి అక్కడున్నాను. ఏడవలేదు, టైంటేబుల్ తీశాను. పొద్దున ఆరింటికి విమానం, తొమ్మిదికి మద్రాసు, పన్నెండుకు పుదుచ్చేరి. పన్నెండుకు వచ్చేస్తానని, అప్పటిదాకా ఎత్తకుండా ఉంచమని వాళ్లింటికి చెప్పాను. ఆ ఫోను తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆయన దగ్గర ఏడేళ్లు పనిచేశాను. నటేశన్ నగర్‌లో మా పక్కిల్లే కాబట్టి నాకు మామ. చేతికి రెండు వాచీలు పెట్టుకునేవారు, ఒకటి పారిస్ టైముకు. ఏ వాచీ చూసి అన్నం తింటారని ఏడిపిస్తే, మీ అత్త పిలిస్తే తింటానని నవ్వేవారు. బల్ల మీద ఒక అట్ట గ్లోబు ఉండేది. పారిస్ దగ్గర గుండుసూది గుచ్చి, దానికి కట్టిన దారాన్ని మద్రాసు దాకా లాగి, అక్కడ ముడేసి, ఇంకో సూదితో బిగించారు. ముడి తర్వాత నాలుగు వేళ్ల దారం ఊరికే వేలాడేది.

మా ఊళ్లో ఎవరు పోయినా ఫ్రాన్సు నుంచి ఎవరో ఒకరు రావాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఎన్నింటికి ఎత్తాలో అడగడానికి ముందు మామ దగ్గరికే వచ్చేవాళ్లు. ఎనిమిది వేల కిలోమీటర్లు, బొంబాయిలో విమానం మారడం, గడియారాల తేడా, అన్నీ చూసి ఒక టైము లెక్కగట్టేవారు. దానిమీద ఇంకో నాలుగు గంటలు కలిపేవారు. ఆ నాలుగింటికి ఏ కాగితంలోనూ ఆధారం లేదు. ఎండాకాలంలో శవాన్ని పెట్టుకుని వాళ్లెందుకు అల్లాడాలని గొడవపడేదాన్ని.

"ప్లేను మద్రాసు మీనంబాకం వస్తాది పాపా. మనిషి వాకిట్లోకి రావద్దా?" అనేవారు.

ఒకసారి విసుగుపుట్టి ఆ వేలాడే దారాన్ని కత్తిరించేశాను. మర్నాటికి కొత్త ముక్క ముడేసి ఉంది.

నేను ఢిల్లీ నుంచి వచ్చిన రోజు విమానం గంటన్నర ఆలస్యం. పెట్టె కోసం ముప్పావుగంట నిలబడ్డాను. బస్సు తిండివనం దాటాక టైరు పోయి రోడ్డు పక్కన ఆగింది. దిగి డ్రైవరు మీద అరిచాను, పాపం అతనేం చేస్తాడు. ఇల్లు చేరేసరికి నాలుగవడానికి ఇంకా పది నిమిషాలు. వాకిలి కడిగేసి ఉంది.

అత్త నన్ను చూసి తడుముకోకుండా చెప్పింది. "రెండు దాకా పెట్టినాం పాపా. నువ్వు ఆయన కాడ నేర్చుకున్నదానివి కదా, ఆ నాలుగ్గంటలూ కలిపే చెప్పుంటావు అనుకొనేస్తిమి."

పన్నెండుకు నాలుగు కలిపితే నాలుగు. పది నిమిషాలు మిగిలేవి కూడా. మామ ముఖాన్ని ఒక్కసారి చూసుకునేదాన్ని.

గ్లోబు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఫ్యాను వేస్తే ఆ నాలుగు వేళ్ల దారం ఊగుతూ ఉంటుంది, నేను కత్తిరించిన చోట ఆయన వేసిన ముడితో.