కండక్టరు గారి ‘మనం’

"మనం అంటే ఎవరండీ? అందులో నేనున్నానా, లేనా? ముందది తేల్చండి!"

కింద లిఫ్టు దగ్గర ఆ గొంతు అయిదో అంతస్తు వంటామెది. ఎదురుగా నిలబడ్డది బాబాయి. కాలేజీ మధ్యలో మానేసి ఆయనింట్లో మకాం పెట్టిన అన్న కొడుకు మెట్ల మలుపులోనే ఆగి చెవులు రిక్కించాడు.

బాబాయి బిల్డింగు సంఘానికి అధ్యక్షుడు. పొద్దున్నే లిఫ్టు తలుపుకి నోటీసు అంటించాడు. "లిఫ్టు పాతబడింది. భారం తగ్గించాలి. అందుకని పనివాళ్ళు మెట్లెక్కాలని మనం నిర్ణయించుకున్నాం."

"ఉన్నావులే తల్లీ. మనం అంటే అందరం."

"మరి నేనెప్పుడు నిర్ణయించుకున్నాను? మోకాలు చూడండి, ఎలా వాచిందో. మెట్లెక్కాలంటే ఆ అయిదో అంతస్తు ఇంట్లో పని మానుకోవాల్సిందే. అది నాకు నేనే నిర్ణయించుకుంటానా, పిచ్చా నాకు?"

"సరే... లేవనుకో."

"లేకపోతే ‘మేము’ అని రాయండి. మేము అనుకున్నాం, మీరు ఎక్కండి అని. రాయగలరా?"

బాబాయి నోటీసు వైపు తిరిగి, ‘మనం’ మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు.

ఆయన సిటీ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. జనాన్ని కసిరి ఎరగడు. "మనం కాస్త ముందుకి జరుగుదామండీ" అని పంచదార పూసి చెబితే కిక్కిరిసిన బస్సు కూడా జరిగేది. ఇంట్లోనూ అదే వరస. "మనం ఆ గిన్నెలు కడిగేద్దామా" అన్నాడంటే కడగాల్సింది పిన్ని. అయితే వాదనలో ఓడితే ఉడుక్కోడు. ఆలోచనలో పడతాడు. అప్పుడిక అన్నం కూడా సహించదు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు: "ఒరేయ్, ఉద్యోగమంతా ‘మనం జరుగుదాం’ అంటూనే గడిపాను. నా సీట్లోంచి నేను అంగుళం కదల్లేదురా."

"మంత్రులు చేసేదీ అదేగా బాబాయ్. ‘మనం సర్దుకోవాలి’ అంటారు. అనేది వాళ్ళు, సర్దుకునేది మనం."

"అదిగో! అంటే నియమం మంచిదా కాదా అని చూస్తే సరిపోదు. పెట్టినవాడి కాలికి కూడా అది తగులుతుందా అని అడగాలి."

"మీ కాళ్ళకేం, బంగారంలా ఉన్నాయి," అంది పిన్ని గ్లాసులో నీళ్ళు పోస్తూ. "ఉండేది రెండో అంతస్తు. ఎక్కేది లిఫ్టు."

సాయంత్రం మీటింగుకి వంటామెనీ, మెట్లు తుడిచే అతన్నీ కూడా పిలిచాడు. కొందరు మొహాలు మాడ్చుకున్నారు. మొదటి అంతస్తాయన "మనలో మనం మాట్లాడుకుంటే పోయేదానికి..." అనబోయి, వంటామె ఎదురుగా ఉందని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. అందరూ ఫక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత మాటలు తేలిగ్గా సాగాయి. లిఫ్టుకి ఎవరి బరువైనా బరువే. చివరికి తేలిందిది: కాళ్ళు బాగున్నవాళ్ళు ఇంటివాళ్ళయినా పనివాళ్ళయినా, కింది రెండు అంతస్తులకీ మెట్లే. మిగిలినవాళ్ళకి లిఫ్టు. చేతులెత్తమంటే అందరికంటే ముందు లేచింది వంటామె చెయ్యి.

అందరూ లేచాక బాబాయి అలవాటు కొద్దీ లిఫ్టు బటన్ మీద వేలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ చూసి, అన్న కొడుకు భుజం మీద చెయ్యేశాడు.

"మీ పిన్ని సణుగుతుంది గానీ ఆపదు. మిగతావాళ్ళకి మొహమాటం. నోటికి అడ్డూ అదుపూ లేనివాడివి ఈ బిల్డింగులో నువ్వొక్కడివేరా. నేను ఈ లిఫ్టు వైపు వస్తున్నట్టు కనిపిస్తే, నలుగురి ముందైనా సరే, చొక్కా పట్టుకుని ఆపాలి నువ్వు. ఆపుతావా?"