ముత్యాలకోన మలుపులో ఒక ఆపరేషన్

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది అది. వడమాలపేటకు, పుత్తూరుకు మధ్య ఉన్న ఒక పశువైద్యశాలలో నేను అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. పేరుకు అసిస్టెంటే కానీ అక్కడ డాక్టర్నంటే నేనొక్కదాన్నే. చుట్టుపక్కల పల్లెల్లోని ఆవులు, ఎనుములు, గొర్రెలు, కోళ్లు అన్నీ నా పేషెంట్లే. మొదట్లో "ఆడమనిషి ఆవు కాన్పు సేస్తాదా?" అని నవ్వినవాళ్లే తర్వాత అర్ధరాత్రి, అపరాత్రి అనకుండా ఫోన్లు చేసేవాళ్లు.

ఆ పల్లెల్లో ముత్యాలకోన ఒకటి. కొండ మొదట్లో చిన్న ఊరు. వానలు పడితే పైన కోనలో నీళ్లు దూకుతాయి. ఆ సంగతి అంతకుముందు చుట్టుపక్కలవాళ్లకే తెలుసు. ఇళ్లల్లో మగ్గిపోయిన జనం ఆ ఏడాది ఒక్కసారిగా బయటపడ్డారు. ఎవరో జలపాతం కింద నిలబడి తీసుకున్న వీడియో ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఇక ఆదివారం వచ్చిందంటే తిరుపతి నుంచి, నాయుడుపేట నుంచి, చెన్నై నుంచి కార్లూ బైకులూ బారులు తీరేవి. ఊళ్లోకి ఉన్నది ఒకటే సన్నటి దారి. సెనక్కాయ వేసిన కయ్యల్లోకి కార్లు దించేవాళ్లు. బోరు దగ్గర తడిబట్టలతో స్నానాలు చేసేవాళ్లు. తెచ్చుకున్న బిరియానీ తిని, మిగిలింది కవరుతో సహా గట్టు మీద వదిలేసి వెళ్లేవాళ్లు. ఊరివాళ్లు అడిగితే "ఈ రోడ్డేమైనా మీ సొంతమా?" అని ఎదురు ప్రశ్న.

మనుషులు వదిలేసిన కూడు ఆవులకు ఇష్టం. ఉప్పూ నూనె తగిలిన కవరును ఆవు విప్పి తినదు, ముద్దగా మింగేస్తుంది. ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయి. వాటిలో మొదటిది, అన్నిటికన్నా పెద్దది రూమెన్. మేత అక్కడ నానుతుంది, అక్కడి నుంచే నెమరుకు పైకి వస్తుంది. ప్లాస్టిక్ మాత్రం నానదు, అరగదు, పేడలో బయటికి రాదు. ఒకదానికొకటి చుట్టుకుని గట్టిపడి అక్కడే ఉండిపోతుంది.

ఒక గురువారం మునిరత్నం ఆవు చనిపోయింది. మునిరత్నం ఆ ఊరి వార్డు మెంబరు. నలభై దాటిన మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ ఊరికి ఏ కష్టమొచ్చినా ముందు నిలబడేవాడు. కారణం తెలియాలని నేను పోస్టుమార్టం చేశాను. రూమెన్ కోసి చూపిస్తే లోపలంతా ప్లాస్టిక్ సంచులే. అతను ఆవు తల నిమురుతూ, "దీన్ని నేను దూడప్పటి నుంచి సాకినా డాక్టరమ్మా. సంచులు తిని సచ్చిపోయిందని సెప్పుకోవాల్నా?" అన్నాడు.

మరునాడే అదే ఊరి సుగుణమ్మ తన ఆవును చూడమని పిలిచింది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ జెర్సీ ఆవు పాలమీదే చదివిస్తున్న మనిషి. ఆవు మేత తగ్గించింది, నెమరు మానేసింది, ఎడమ డొక్క మాటిమాటికీ ఉబ్బుతోంది. పిడికిలితో నొక్కితే తడిపిన పిండిలా లోపలికి పోయి, గుంట అలాగే ఉండిపోతోంది. లోపల ఏముందో నాకు అనుమానం లేదు. దీనికి మందు లేదు, ఆపరేషనే. రూమెనాటమీ అంటారు. ఎడమ డొక్క కోసి, రూమెన్ తెరిచి, లోపలున్నది చేత్తో తీసేయడం. సోమవారం వ్యాన్ మాట్లాడి ఆసుపత్రికి తెమ్మని చెప్పి వచ్చాను. శనివారమే పనిముట్లన్నీ శుద్ధి చేసి బ్యాగులో సర్దుకున్నాను.

ఆదివారం పొద్దున సుగుణమ్మ ఫోను. "మేడమ్, ఆవు పడుకుని లేస్తా ఉండాది, లేసి పడుకుంటా ఉండాది. కడుపు తప్పెట మాదిరి అయిపోయినాది. ఊపిరి పీల్సలేకుండా ఉండాది."

బ్యాగు స్కూటరు ముందు పెట్టుకుని బయల్దేరాను. ఊరికి ఇంకా కొంత దూరం ఉండగానే కార్లు ఆగిపోయి ఉన్నాయి. మలుపులో దారికి అడ్డంగా బండరాళ్లు, వాటిమీద తుమ్మకంప. అవతల మునిరత్నం, అతని వెనక సగం ఊరు. కోనకు పోవాల్సినవాళ్లు ఇటు, పొద్దున్నే వెళ్లి తిరిగొస్తున్నవాళ్లు అటు, రెండు వైపులా ఇరుక్కుపోయారు. హారన్లు, అరుపులు. ఒక కారు అద్దానికి అప్పటికే చీలిక పడింది. కార్లలో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చొక్కా చేతులు మడుస్తున్నారు, ఊరివాళ్లలో ఒకతని చేతిలో పలుగుంది.

సుగుణమ్మ పశువుల కొట్టం ఆ మలుపులోనే, దారి పక్కనే. నన్ను చూసి జనం దారి ఇచ్చారు. ఆవును చూడగానే అర్థమైంది, సోమవారం దాకా కాదు, మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. ముందు గాలి తీయాలి. ట్రోకార్ అని ఒక సూది లాంటి గొట్టం ఉంటుంది, డొక్కలో గుచ్చితే గ్యాస్ బయటికి పోతుంది. గుచ్చాను. గాలి బుస్సుమని వచ్చింది, అంతలోనే ఆగిపోయింది. లోపలి ప్లాస్టిక్ గొట్టానికి అడ్డం పడింది. ఇంక వ్యాన్ ఎక్కించే ప్రశ్నే లేదు. ఎక్కించినా రాళ్లు తీయాలి, కార్లు కదలాలి.

ఇక్కడే చేయాలి. కానీ నా దగ్గర పనిచేసే అసిస్టెంటు సెలవులో ఉన్నాడు. సుగుణమ్మ ఆవు తల పట్టుకోవాలి. తనైతేనే అది నిలబడుతుంది. రూమెన్ కోశాక దాని అంచులను రెండు పక్కలా గట్టిగా పైకి పట్టుకుని ఉండేవాళ్లు ఇంకా ఇద్దరు కావాలి. అంచు జారితే లోపలి రసం రూమెన్ బయటికి, పేగుల మీదికి కారుతుంది. అలా కారితే ఆవు దక్కదు.

అంతలో ముప్పై ఏళ్ల మనిషి ఒకడు కొట్టంలోకి వచ్చాడు. పేరు కార్తీక్ అని, నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరని తర్వాత తెలిసింది.

"మేడమ్, మీరు గవర్నమెంటు డాక్టరంట కదా. వాళ్లకు చెప్పండి. కార్లో మా అమ్మ ఉంది, షుగర్ మనిషి. పొద్దున్నుంచి ఎండలో కూర్చోబెట్టేశారు. ఇదేం న్యాయం?"

అతని వెనకే వచ్చిన మునిరత్నం అందుకున్నాడు. "న్యాయమా? నా ఆవు సచ్చిపోయినప్పుడు యాడికి పోయినాదప్పా నీ న్యాయం? మా ఊరు మీకు కుప్పతొట్టా?"

"మీ ఆవును మేము చంపినామా? నేను ఈ ఊరికి రావడమే ఇది మొదటిసారి!"

"నువ్వు కాకుంటే నీ మాదిరోడే!"

ఇద్దరూ ఒకరి మీదికొకరు వెళ్లారు. నేను మామూలుగా గొంతు పెంచే మనిషిని కాను. ఆరోజు పెంచాను.

"అన్నా, గమ్మునుండు. నువ్వు కూడా ఆగు బాబూ. ఇంకో గంటలో ఈ ఆవు పోతుంది. నాకు ఇప్పుడు పట్టుకునేవాళ్లు కావాలి. గొడవ కావాలంటే బయటికి పోండి, లేదంటే ఇద్దరూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి."

మునిరత్నం నా వైపు చూసి, సుగుణమ్మ వైపు చూశాడు. ఆమె ఆవు మెడ కౌగిలించుకుని ఏడవకుండా నిలబడి ఉంది. అతను పలుగు పట్టిన తన తమ్ముణ్ని కేకేసి నీళ్లు తెమ్మన్నాడు. కార్తీక్ ఒక క్షణం తటపటాయించి చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

డొక్క మీద వెంట్రుకలు గొరిగి, సబ్బుతో కడిగి, అయోడిన్ పూశాను. మత్తు ఇంజెక్షన్ వరసగా గుచ్చాను. ఆవుకు స్పృహ ఉంటుంది, కోసే చోట మాత్రం నొప్పి తెలియదు. చర్మం, దాని కింద కండ పొరలు, ఆ కింద పలుచటి పొర. రూమెన్ బెలూనులా పైకి ఉబికింది. దానికి దారాలు వేసి ఒక పక్క మునిరత్నానికి, ఇంకో పక్క కార్తీక్‌కు ఇచ్చి, అంచులు ఎలా పట్టుకోవాలో చూపించాను. కత్తి పెట్టగానే లోపలి గాలి మొహాన కొట్టింది. ఆ వాసన అలవాటు లేనివాళ్లు తట్టుకోలేరు. కార్తీక్ మొహం తెల్లబడింది. తల పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు కానీ చెయ్యి సడలించలేదు.

"ముక్కుతో పీల్సొద్దప్పా, నోటితో పీల్సు," అన్నాడు మునిరత్నం, అతని వైపు చూడకుండానే.

భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాను. చేతికి తగిలింది మేత కాదు, తాడులా పేనుకుపోయిన ముద్ద. ఒక కొస దొరికించుకుని లాగాను. కవర్లు, వెండి కాగితాలు, చిప్స్ ప్యాకెట్లు, నైలాన్ తాడు, ఎవరో చంటిబిడ్డ సాక్సు. లాగేకొద్దీ వస్తూనే ఉంది. సుగుణమ్మ కూతురు తెచ్చిపెట్టిన స్నానాల తొట్టి నిండిపోయింది. దారిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కొట్టం చుట్టూ నిలబడ్డారు. హారన్లు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు.

ఒక కవరు మీద అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. కార్తీక్ దాన్నే చూస్తున్నాడు.

"ఇది మా ఊరి హోటల్ది మేడమ్," అన్నాడు మెల్లగా. "ఈరోజు మేము తెచ్చుకున్నదీ అక్కడిదే. కార్లో ఉంది."

మునిరత్నం ఏదో అంటాడని భయపడ్డాను. అతను, "గట్టిగా పట్టుకో నాయనా, జారతా ఉండాది," అన్నాడంతే.

రూమెన్ ఖాళీ అయ్యాక ఇంకో పని మిగిలింది. మేతను అరిగించే మంచి సూక్ష్మజీవులు జబ్బు ఆవులో చచ్చిపోయి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు నోటిలోంచి నెమరు తీసి ఇందులో వేస్తే మళ్లీ పుడతాయి. పక్కింటి ఆవు నోట్లోంచి నెమరు ముద్ద తెప్పించి లోపల పెట్టి, కుట్లు వేయడం మొదలుపెట్టాను. అప్పటికి కార్తీక్ వాళ్లమ్మ కారు దిగి వచ్చి, సుగుణమ్మ పక్కన నిలబడి ఆవు గంగడోలు నిమురుతోంది. "మాకూ పాడి ఉండేదమ్మా. పెళ్లయి టౌనుకొచ్చాక ఇదిగో, ఇప్పుడే మళ్లీ ఆవును తాకడం," అంటోంది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ల క్యాను చేతులు కడుక్కోవడానికి మా ముందు పెట్టింది.

చివరి కుట్టు ముడి వేసి నడుం నిటారుగా చేశాను. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. కాలేజీలో గోల్డు మెడల్ తీసుకున్నప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మునిరత్నం చేతులు కడుక్కుని నేరుగా మలుపులోకి నడిచాడు. ఒక రాయి ఎత్తి పక్కన పడేశాడు. కార్తీక్ ఇంకో రాయి పట్టాడు. ఊరివాళ్లూ, కార్లలో వచ్చినవాళ్లూ కలిసి కంప లాగేశారు. ఎవరో ఫోన్ చేసి పిలిచిన పోలీసులు వచ్చేసరికి చూడటానికి ఏమీ లేదు. సుగుణమ్మ మాత్రం ఆ తొట్టిని ఈడ్చుకొచ్చి దారి పక్కన అందరికీ కనబడేలా పెట్టింది. వెళ్లే ప్రతి కారూ అక్కడ నెమ్మదించింది.

మరునాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే ఫోను మోగింది. అవతల సుగుణమ్మ. నోట్లో నురగ ఉమ్మేసి, ఆవు ఎలా ఉందని అడిగాను.

"మేడమ్... నెమరేస్తా ఉండాది."

ఆ రెండు మాటలకే ఇద్దరం ఏడ్చేశాం.

వారం తిరగ్గానే ఊళ్లో మీటింగు పెట్టి నన్నూ పిలిచారు. దారి మూసేయాలని పట్టుబట్టినవాళ్లు లేకపోలేదు. మునిరత్నం లేచి, "దావ మూస్తే ఇంకో దావన వస్తారు. రానీ. కానీ మన ఊరికి వచ్చినోళ్లు మన మాట ఇని పోవల్ల," అన్నాడు. మలుపులో ఒక బీడు కయ్యను కార్లకు ఇచ్చారు. అక్కడి నుంచి నడకే. కవర్లు అక్కడే సంచుల్లో వదిలి పోవాలి. సుగుణమ్మతో పాటు కొందరు ఆడవాళ్లు ఆదివారాల్లో విస్తరాకుల్లో సంగటి, సెనక్కాయ చట్నీ, కోడికూర వడ్డించడం మొదలుపెట్టారు. కార్తీక్ తన ఫ్యాక్టరీవాళ్లను తీసుకొచ్చి కోనలో పేరుకుపోయిన చెత్త ఏరించాడు. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఇప్పటికీ సీసాలు పగులుతాయి, తాగి వచ్చి మాట వినని గుంపులుంటాయి, వాళ్లతో మునిరత్నం గొంతు చించుకుంటాడు. కానీ నేను బదిలీ అయ్యేదాకా ఆ ఊళ్లో ప్లాస్టిక్ తిని ఇంకో ఆవు చనిపోలేదు. సుగుణమ్మ ఆవు మరుసటి ఏడాది పెయ్యదూడను ఈనింది. ఆ కాన్పూ నేనే చేశాను.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. అంతకుముందు పశువును చూడగానే జ్వరం చూసేదాన్ని, డొక్క నొక్కేదాన్ని. ఇప్పుడు దానికన్నా ముందు అది ఎక్కడ మేస్తుందో, ఆ చోటికి ఎవరెవరు వస్తారో, ఊరివాళ్లకూ వాళ్లకూ మాటలున్నాయో లేవో అడుగుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లకూ అదే చెబుతాను. కొట్టంలో జబ్బుకు కారణం కొట్టంలోనే ఉండాలని లేదు. దాన్ని వెతుక్కుంటూ దారి మీదికి పోవాల్సి వస్తే పోవాలి, అక్కడ గొంతు పెంచాల్సి వస్తే పెంచాలి.

ఇప్పుడు నేను చిత్తూరు దగ్గర పనిచేస్తున్నాను. మొన్న ఒక సంతలో ఎవరో ముసలాయన నన్ను తేరిపార చూసి, పక్కనున్నవాళ్లకు చూపిస్తూ అన్నాడు: "ఈయమ్మే అబ్బా, ముత్యాలకోన డాక్టరమ్మ." నా డిగ్రీలు రాసిన బోర్డు ఆసుపత్రి గుమ్మం మీద ఉంది. ఈ పేరు మాత్రం జనం పెట్టింది. ఎక్కడ పిలిచినా ఆగి పలుకుతాను.