పన్నెండు కుడికాళ్ళు

మా గుడి పెద్దమనుషుల ముఖాలు ఇప్పుడు సరిగా గుర్తు లేవు. కాళ్ళు గుర్తున్నాయి. ఎవరి మడమ నెర్రెలు విచ్చిందో, ఎవరి బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయిందో, ఎవరి చిటికెనవేలు పక్కవేలు మీదికి ఎక్కి కూర్చుందో ఇవాళ అడిగినా చెప్పగలను. మా తాత చెప్పులు కుట్టేవాడు. తోలుముక్క నేలమీద పరిచి, కాలు పెట్టండయ్యా అని, చుట్టూ బొగ్గుతో గీత గీసేవాడు. గీత గీయడానికి మావాళ్ళు వాళ్ళ కాలు తాకవచ్చు. వాళ్ళ చెంబు మాత్రం తాకకూడదు. ఈ ధర్మశాస్త్రం నాకు జపమాల కంటే ముందే వచ్చు.

మా ఊరు హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉంది. అక్కడ మేము చర్చిని గుడి అనే అంటాం. గుడిలో పై వీధివాళ్ళకు ముందర బల్లలు, మా వీధివాళ్ళకు వెనక నేల. క్రీస్తు శరీరం ఒక్కటే అని ప్రతి ఆదివారం పాడేవాళ్ళం, రెండు వరసల్లో నిలబడి.

మా నాయన ఆ గుడికి ఉపదేశి. మూడు భాషల్లో జపాలు నేర్పేవాడు. తెలుగు పిల్లలకు తెలుగులో, తమిళం వాళ్ళకు తమిళంలో, బాగలూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన కోడళ్ళకు కన్నడంలో. ఫాదరు లేని ఊళ్ళకు సైకిలు తొక్కుకుంటూ పోయి చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చునేవాడు. పై వీధిలో ఇవాళ మీసాలు దువ్వే మగవాళ్ళందరికీ శిలువ గుర్తు వేసుకోవడం నేర్పింది ఆయనే. నేర్పేటప్పుడు మాత్రం వాళ్ళ చెయ్యి పట్టుకోకుండా దూరం నుంచి చూపించేవాడు.

పాస్కా పండగకు, అంటే ఈస్టరుకు, ముందు గురువారం సాయంత్రం, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు ఫాదరు పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతాడు. ఎంతటివాడైనా సేవకుడిలా వంగాలని దాని అర్థం. మా ఊళ్ళో ఆ అర్థాన్ని చక్కగా బోర్లించి పెట్టారు. పన్నెండు కుర్చీలూ పై వీధివే. తండ్రి పోతే కొడుక్కి, కొడుకులు లేకపోతే అల్లుడికి. ఫాదరు కడిగేది కుడికాలు ఒక్కటే. మా నాయన పక్కన నడుము వంచి, ఒక చేత్తో ఇత్తడి పళ్ళెం, ఒక చేత్తో చెంబు, భుజం మీద తువ్వాలు వేసుకుని, కుర్చీ నుంచి కుర్చీకి జరిగేవాడు. పండగకు ముందు నలభై రోజుల తపస్కాలమంతా ఆ పళ్ళెం మా ఇంట్లోనే ఉండేది. చింతపండూ బూడిదా పెట్టి నాయనే తోమేవాడు. అందులో ముఖం చూసుకుని నేను తల దువ్వుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు అడిగాను.

"నాయనా, నీ కాలు ఎప్పుడు కడుగుతారు?"

"నా కాలు గుడి గడప దాటింది గదమ్మా. అది చాల్దా?"

చాలదు. చాలదని ఆయనకూ తెలుసు. ఎందుకంటే ఏటా ఆ గురువారం పొద్దున, అందరూ పనికి పోయాక, పెరట్లో రాయి మీద కూర్చుని కుడికాలు తోముకునేవాడు. ఇటుకముక్కతో మడమ రుద్ది, గోళ్ళు తీసుకుని, కొబ్బరినూనె రాసేవాడు. ఒకటే కాలు. పన్నెండుమందిలో ఎవరో ఒకరికి జ్వరమో, ఊరి ప్రయాణమో తగిలితే, ఆ సమయానికి పక్కనే ఉన్న మనిషి తానే కదా అని. ఇది ఆయన నోటితో ఎన్నడూ అనలేదు. నేను తలుపు సందులోంచి చూసి తెలుసుకున్నాను.

బెంగుళూరులో సిస్టర్ల కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చిన ఏడు, నిజంగానే ఒక కుర్చీ ఖాళీ అయింది. పన్నెండోవాడికి వాంతులు. ఫాదరు పదకొండో కాలు తుడిచి, ఖాళీ కుర్చీ వైపు చూసి, మా నాయన వైపు చూశాడు. చూశాడు. నేను నేలమీద నుంచి లేచి మోకాళ్ళ మీద నిలబడ్డాను. గుడి పెద్ద, అంటే సంఘానికి నాయకుడు, మామిడితోటల ఆసామి, మొదటి కుర్చీ ఆయనదే, అక్కడి నుంచే అన్నాడు:

"వదిలేయండి సామీ. యూదా లేసిపోయినాడు అనుకుంటాం."

ప్రభువును పట్టిచ్చిన యూదా ఆ రాత్రి విందు మధ్యలోంచి లేచిపోయాడు కదా; ముందు బల్లలన్నీ నవ్వాయి. ఫాదరు కూడా నవ్వాడు. మా నాయన చెంబులో మిగిలిన నీళ్ళు పళ్ళెంలో పోసుకుని, నూనె రాసిన కాలితో లోపలికి నడిచిపోయాడు. ఆ నవ్వును నేను మూటగట్టి దాచుకున్నాను. క్షమించడం గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ఆ పాఠం చెప్పిన మనిషి ఇంట్లోనే పుట్టాను. నేర్చుకోలేదు, అంతే.

చదువు ముగించి హోసూరులో టీచరు పనిలో చేరాను. డెబ్భైల చివరి మాట ఇది. కంపెనీలు వస్తున్నాయి, భూములు పోతున్నాయి, క్వారీల్లో మనుషులు నలుగుతున్నారు. పేదల పక్కన నిలబడాలని గురువులూ, అంటే ఫాదర్లూ, సిస్టర్లూ కొత్తగా చెప్పడం మొదలుపెట్టిన రోజులు. మా ఊరి కాన్వెంటుకు వచ్చిన ఒక చిన్న సిస్టరు, ఆదివారం పూజ అయ్యాక మా వీధి ఆడవాళ్ళను కూర్చోబెట్టి సువార్త చదివించి, "ఇది మన ఊళ్ళో యాడ జరుగుతా ఉంది?" అని అడిగేది. మంచి ప్రశ్న. అడగకుండా ఉండాల్సింది. నా దగ్గర జవాబు ఎన్నేళ్ళ నుంచో సిద్ధంగా ఉంది.

కృష్ణగిరిలో సామాజిక న్యాయం మీద పెద్ద సభ పెట్టారు. గురువులు, సిస్టర్లు, సంఘాల వాళ్ళు. మా ఫాదరు వేదిక మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి క్వారీ కూలీల గురించి మాట్లాడారు. బాగానే మాట్లాడారు, అబద్ధం ఎందుకు. ప్రశ్నలు ఉంటే అడగమన్నారు. లేచాను.

"సామీ, రాళ్ళు కొట్టేవాళ్ళ చేతుల గురించి చెప్పినారు, సంతోషం. మా గుడిలో కాళ్ళ గురించి ఒక మాట అడగొచ్చునా?"

"అడగమ్మా," అన్నాడు ఉపన్యాసం ఇచ్చిన గురువు.

"ప్రభువు శిష్యుల్లో చేపలు పట్టేవాళ్ళు ఉండ్రి. సుంకం వసూలు చేసేవాడు ఉండె. మామిడితోట ఉండేవాడు ఒక్కడూ లేడే! మా గుడిలో పన్నెండుమందికీ తోటలు ఉండాయి. మా సామి ఆడనే కూర్చోనుండారు, ఏ సువార్తలో చదివినారో కొంచెం అడిగి చెప్పండి."

హాలు గొల్లున నవ్వింది. ఈసారి నవ్వు నాది. మా ఫాదరు ముఖం చూశాను. తీరిగ్గా, కడుపునిండా చూశాను.

అంతటితో వదల్లేదు. బిషప్ గారికి తమిళంలో అర్జీ రాశాను. మా వీధిలో ప్రతి గడపా తిరిగి వేలిముద్రలు వేయించాం. జవాబు రావడానికి ఏడాది పట్టింది కానీ వచ్చింది: కాళ్ళు కడిగే కుర్చీలకు అన్ని వీధుల వాళ్ళనూ పిలవాలని. నాయనకు అప్పటికి ఉబ్బసం ముదిరింది, మంచం దిగడం లేదు. ఆ తపస్కాలంలోనే ఒక సాయంత్రం గుడి పెద్ద మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"ఉపదేశీ, ఈ తూరి నీకు చోటుండాది. పన్నెండో కుర్చీ. మోసుకొని రమ్మని మనుషులకు చెప్తాను."

నాయన మోచేతుల మీద లేవబోయాడు. ఆ ముఖంలో వెలుగు నేను చూశాను, అబద్ధం చెప్పను.

"ఒక్క మాట. తువ్వాలు మాత్రం వేరే పెట్టిస్తాము. తప్పుగా అనుకోవద్దు. మావాళ్ళు ఒప్పుకోవల్ల గదా."

"నీళ్ళు?" అన్నాను నేను.

"ఏమ్మా?"

"నీళ్ళు కూడా వేరేనా అని అడుగుతా ఉండాను."

"మీ నాయనది కడాకు గదా కడిగేది. నీళ్ళకేం ఇబ్బంది లేదు."

"ఆహా, బాగా యోచన చేసినావప్పా! మరి సామి చేతులు? మా నాయన కాలు పట్టుకున్న చేతులతోనే గదా, తరువాత మీ నాలిక మీద సత్ప్రసాదం పెట్టేది? చేతులు కూడా వేరే తెప్పిస్తారా?"

మా వీధిలో ఎవరూ ఆయన్ని 'అప్పా' అని పిలిచి ఎరగరు. అయ్యా అనాలి. ఆ రెండక్షరాలకే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కూతుర్ని చదివిస్తివి, బాగా నోరు పెంచితివి ఉపదేశీ."

"చిన్నపిల్ల అయ్యా, మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు నాయన, దగ్గుల మధ్య. ముప్పై ఏళ్ళ చిన్నపిల్లను.

ఆ గురువారం మా వీధి నుంచి ఒక్కరూ గుడికి పోలేదు. మధ్యాహ్నం పళ్ళెం కోసం మనిషి వచ్చాడు. తోమిన పళ్ళెం గోడకు ఆనించి ఉంది.

"పళ్ళెం ఈడనే ఉండాది. మా నాయన కాలు కూడా ఈడనే ఉండాది. రెండూ కలిసే వస్తాయని చెప్పు, ఒకే తువ్వాలుతో."

వాళ్ళు పళ్ళెం లేకుండానే కానిచ్చారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే అల్యూమినియం గిన్నె తెచ్చి అందులో కడిగారట. సాంబారు వాసన కొట్టిందని పై వీధి ఆడవాళ్ళే బావి దగ్గర చెప్పుకున్నారు. ఆ వార్త విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

శనివారం పొద్దున ఫాదరు వచ్చాడు. ఒక్కడే, చేతిలో మడిచిన తెల్ల తువ్వాలుతో. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. భయస్థుడు.

"పళ్ళెంలో నీళ్ళు పెట్టమ్మా. ఉపదేశి కాలు కడుగుతాను. గుడిలో వాడిన తువ్వాలే ఇది."

నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"ఈడ కాదు సామీ. ఆడ. అందరి ముందర."

"మనిషి ఉండే స్థితి చూడమ్మా. మళ్ళీ ఏడాది దాకా..."

"ముప్పై ఏండ్లు అందరి ముందర నవ్వులపాలు చేసి, ఇప్పుడు దొంగచాటుగా కడిగిపోతారా? మా నాయన మీరు చాటుగా పెట్టుకున్న ఆడది కాదు, పోయి రండి."

ఆయన తువ్వాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గెలిచాననుకుంటూ లోపలికి తిరిగాను. నాయన అంతా విన్నాడు. దుప్పటి కింద నుంచి ఆయన కుడికాలు బయటికి చాచి ఉంది. గోళ్ళు తీసి ఉన్నాయి, అమ్మ తీసినట్టుంది. నన్ను చూసి మెల్లగా ఆ కాలు దుప్పటిలోకి లాక్కున్నాడు. ఏదైనా మాట అని ఉంటే వాదించి ఉండేదాన్ని, వాదనలో నన్ను గెలిచినవాళ్ళు లేరు.

వానలు పడకముందే పోయాడు. ఆ ఇత్తడి పళ్ళెంలోనే నీళ్ళు పోసి నేనే ఆయన కాళ్ళు కడిగాను. రెండూ. పై వీధి నుంచి పూలదండ వచ్చింది, దాన్ని వాకిట్లోనే ఉంచాను. పళ్ళెం గుడికి ఇవ్వలేదు. రెండుసార్లు మనిషిని పంపారు, రెండుసార్లూ వట్టిచేతులతో పంపించాను. అందులో మా కోళ్ళకు నీళ్ళు పెట్టాను. పాపమో పుణ్యమో, కోళ్ళు వరసలు చూడకుండా తాగేవి.

రెండేళ్ళ తర్వాత కొత్త ఫాదరు వచ్చాడు. కుర్రవాడు, మొండివాడు. వచ్చిన మూడో నెలలోనే గుడిలో బల్లలన్నీ కలగలిపించాడు. ఆ ఏడాది ఆరు కుర్చీలు మా వీధికి, తువ్వాలు ఒక్కటే అని పూజలో ప్రకటించి, పళ్ళెం కోసం తానే మా ఇంటికి వచ్చాడు.

"ఇస్తాను సామీ. ఒక షరతు. చెంబూ పళ్ళెం పట్టుకునేది గుడి పెద్దే ఉండల్ల."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇది న్యాయం కోసమా అమ్మా, పగ కోసమా?"

"రెండూ ఒకే ఇంట్లో పెరిగినాయి సామీ. నాకు వేరు చేయడం రాదు."

గుడి పెద్దను ఎలా ఒప్పించాడో నాకు తెలియదు. ఒప్పుకోకపోతే పెద్దరికం ఊడుతుందని భయపెట్టాడని కొందరు, ప్రాయశ్చిత్తం విధించాడని కొందరు. ఆ గురువారం నేను మొదటి వరసలో, ఎదురుగా కూర్చున్నాను. గుడి పెద్దకు అరవై దాటాయి, పొట్ట అడ్డం. ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో చెంబు, భుజం మీద తువ్వాలు. పై వీధి ఆరు కుర్చీలూ అయ్యాక, మా వీధి మొదటి కుర్చీలో క్వారీలో రాళ్ళు కొట్టే మా చిన్నాన్న కూర్చున్నాడు. వంగినప్పుడు పెద్దాయన మోకాలు కటుక్కుమనడం నాకు వినబడింది. చెంబు ఒరిగి నీళ్ళు నేలమీద ఒలికాయి. మావాళ్ళ మూడో కుర్చీ దగ్గర ఊపిరి ఎగపోసుకుంటూ ఆగిపోయి, ఎవరైనా అందుకుంటారా అన్నట్టు తల ఎత్తాడు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. నేను రెప్ప వాల్చలేదు.

మా నాయన బతికి ఉంటే లేచి వెళ్ళి, "ఇట్లియ్యండయ్యా" అని ఆ చెంబు అందుకుని ఉండేవాడు. నాకు తెలుసు. తన కుర్చీ వదిలేసి, నూనె రాసుకున్న కాలితో.

ఇంకా మూడు కుర్చీలు మిగిలి ఉన్నాయి. నేను లేవలేదు.