కాపరి చనిపోయిన మూడో ఆట

కర్ణాటకలోని పావగడ దగ్గర, తిరుమణి చుట్టూ సోలార్ పలకలు పరచడం పూర్తయిన మరుసటి వేసవిలో, బెంగళూరులోని ఒక ఆటల కంపెనీ నన్ను తన సాహస ఆటల వరుసకు కథా పర్యవేక్షకుడిగా వేసింది. ఫోన్లో ఆడుకునే ఆటలవి. నాలుగు ఆటలకూ కలిపి ఒకటే కథ: ఎండిపోయిన నది వెంబడి దాని పుట్టుక వెతుక్కుంటూ పోయే ఒక అమ్మాయి ప్రయాణం. ఒక ఆటలో చెప్పినది తర్వాతి ఆటలో తప్పిపోకుండా చూడటం నా ఉద్యోగం.

మాది తిరుమణి వైపే, నాగలమడిక. అమ్మాయికి దారి చూపే గొర్రెల కాపరికి మా వైపు గొంతే కావాలని పట్టుబట్టాను. సోలార్ పలకలను ఆనుకుని ఉన్న రాయచెర్లులో ఓబులప్ప దొరికాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. భార్య పోయాక ఒంటరిగా గొర్రెలు కాసుకుంటున్నాడు. ఆయన ఇంట్లోనే, శబ్దం మారుమోగకుండా గోడలకు బొంతలు కట్టి, రెండు ఆటలకు గొంతు రికార్డు చేశాం. రెండో ఆటలో ఆయన చివరి మాట: "నువ్వు ఈడనే ఉండమ్మా. ఆడ నీళ్లుండాయో లేదో నేను చూసొచ్చి చెప్తా."

రికార్డు కాగానే నన్నడిగాడు: "చూసొచ్చి ఏం చెప్తానప్పా?"

"అది మూడో ఆటలో, చిన్నాయనా. నేనే వచ్చి చెప్తా" అన్నాను.

కాపరి తిరిగొచ్చేదాకా ఆగాలా, ముందుకు సాగిపోవాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఎవరేం ఎంచుకున్నారో ఫోన్లో భద్రమై ఉంటుంది. దాన్నిబట్టి తర్వాతి ఆట మొదలవ్వాలంటే సంభాషణలు రెండు వరసలు రాయాలి. లేదా ఒకదాన్నే జరిగినట్టు ఖాయం చేయాలి. దాన్ని మా పనిలో కేనన్ అంటారు. ఖాయం చేసే అధికారం నాదే. కాకపోతే కారణం రాసి ఇవ్వాలి.

గడువు దగ్గర పడింది. రెండు వరసలు రాసే ఓపిక నాకు లేదు. కాపరి దారిలో చనిపోయాడని ఖాయం చేసి, కారణం గడిలో "గొంతు ఇచ్చినాయన ఈసారి ఒప్పుకోలేదు" అని రాశాను. రాయచెర్లుకు నేను వెళ్లలేదు. ఫోన్ కూడా చేయలేదు. ఆట విడుదలయ్యాక, కాపరి కోసం ఆగినవాళ్లంతా కోపంగా ప్రశ్నలు రాశారు. కంపెనీ నా వాక్యాన్నే అందరికీ కనపడేలా జవాబుగా పెట్టింది.

నాలుగో ఆట ఆ చావు మీదే మొదలైంది. ఇక మార్చడానికి వీల్లేదు. అది ముగిశాక, యాభై రెండో ఏట, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి పావగడలో ఒక గది తీసుకున్నాను. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన సందర్భాలున్నాయి. అలాంటి ఒక వారం తర్వాత రాయచెర్లు బస్సెక్కాను.

ఓబులప్ప సోలార్ కంచె బయట, తారు రోడ్డు అంచున మందతో నిలబడి ఉన్నాడు. అక్కడ గడ్డి పెద్దగా లేదు. నన్ను చూసి నవ్వాడు.

"మూడేండ్లాయ నువ్వు కనపడి. టీ అంగడికి పోతే చాలు, 'ఏంది చిన్నాయనా, హీరో అయిపోయినావంట, బెంగళూరోళ్లకు డేట్లు ఇయ్యలేదంట' అని ఒకటే ఎగతాళి."

నేను చేసింది ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆ మాట ఇన్నాక, నువ్వొచ్చినప్పుడు నేను గుట్ట ఎనక్కి పోయింటానేమో, నువ్వు పిలిస్తే ఇనపడలేదేమో అనుకున్యా. ఫోన్ చేస్తే పని అడిగినట్టుంటాదని చేయలేదు. అప్పట్నుంచీ ఈ రోడ్డు పక్కనే మేపుతాండా."

తర్వాత అడిగాడు. "ఇంతకీ ఆడ నీళ్లుండెనా, లేదా?"

"రాయలేదు, చిన్నాయనా."

"సరేప్పా. అట్లయితే ఇంక గుట్ట పక్కకు తోలుకుంటా. ఆడ మేత ఉండాది" అని మందను మళ్లించాడు.

గొంతివ్వడానికి ఓబులప్ప కాదనలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈ సంగతి రాతలో ఉండాలని ఇది రాస్తున్నాను. వరుస ఆటల్లో ప్రతి వాక్యం మీదా తర్వాతి ఆట నిలబడుతుందని కొత్తవాళ్లకు నేర్పేవాణ్ణి. కారణం గడిలో రాసే వాక్యానికి కూడా అది వర్తిస్తుంది. నా వాక్యం మీద ఒక మనిషి ఏళ్ల తరబడి రోడ్డు పక్కన నిలబడ్డాడు.