మూడో పెట్టె

మొన్న కొల్లాపూర్ వైపు చుట్టాలింటికి వెళ్లి వస్తూ కృష్ణ వెనకజలాల దగ్గర ఆగాను. ఒక పడుచుజంట పెద్ద సంచీలోంచి ముక్కలు తీసి, నా చాయ్ చల్లారేలోపు వాటిని పడవగా బిగించి, తెడ్లు వేసుకుంటూ నీళ్లమీదికి వెళ్లిపోయారు. చూసి ముచ్చట పడాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే మా ఊరు ఆ నీళ్లకిందే ఉంది, అలాంటి విప్పి బిగించే పడవే ఒకటి ఇప్పటికీ మా ఇంటి అటకమీద ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, పాలమూరులో లెక్కల పంతులుగా పదవీ విరమణ చేశాక, మా అక్కకు ఒడిబియ్యం పోయాలని పట్టుబట్టాను. పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింట్లో కూర్చోబెట్టి ఒడినిండా పసుపుబియ్యం పోయడమంటే ఏమిటో నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరు మునిగిన నాటినుంచి అక్కకు ఆ ముచ్చట తీరలేదు. నేనెప్పుడు పిలిచినా, "కిరాయింట్ల పోస్తరా తమ్మీ? పుట్టింట్లనే పొయ్యాలె" అని నవ్వుతూ దాటేసేది.

మొండితనంలో నేనూ ఆమె తమ్ముణ్ణే. మునిగిన ఇల్లు పైకి రాకపోతే పడవలో దాని మీదికే పోయి అక్కడే పోద్దామని, ప్లైవుడ్‌తో రెండు పెట్టెలు చేశాను. నాలుగు బోల్టులు బిగిస్తే పడవ, విప్పితే ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఆటోలో పట్టేది. తెరచాపకు ఎవరిదో పాత పెళ్లి ఫ్లెక్సీ. అక్క దాన్ని చూసి, "గిదేంది, పిండిపెట్టె లెక్కున్నది!" అని ఎగతాళి చేసి, అంతలోనే దాని అంచు నిమురుతూ, "ఇగ గిదే నా పుట్టిల్లు" అంది.

అనుకున్న రోజు బావ ఒడ్డున కూర్చుని మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు. అక్క కొత్త చీరలో ముందు కూర్చుంది, బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను, పడవ హాయిగా తేలింది. మా ఆవిడ కాలు పెట్టేసరికి నీళ్లు అంచుదాకా వచ్చాయి. పోసేది ఆలుమగలు, పోయించుకునేది ఆడబిడ్డ, మొత్తం ముగ్గురు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి ముగ్గురిని ఇద్దరుగా లెక్కేశాను! మధ్యలో ఇంకో పెట్టె చేరిస్తే సరి, నెలలో మళ్లీ వద్దామన్నాను. "తొందరేమున్నది తమ్మీ, నీళ్లు యాడికి పోతయి" అంటూ అక్క దిగింది.

ఆ నెల కాస్తా ఏడాదైంది. ఒకసారి వానలు, ఒకసారి నా మోకాళ్లు, ఎక్కువసార్లు నా బద్ధకం. మూడో పెట్టె సగంలో ఉండగా బావ దవాఖానలో పోయాడు. భర్త పోయిన ఆడదానికి ఒడిబియ్యం పోయరాదని పెద్దలన్నారు, చదువుకున్నవాణ్ణయి ఉండీ నేను నోరు మెదపలేదు. దినాలయ్యాక మా ఇంటికొచ్చిన అక్క ఆ సగం పెట్టెను చాలాసేపు చూసి, "ఇగ దాన్ని చెయ్యకు తమ్మీ" అంది. చెయ్యలేదు. మూడేళ్లకు ఆమె కూడా పోయింది.

ఇప్పుడు భర్త పోయినవాళ్లకూ పోస్తున్నారని, ఎవరూ ఏమీ అనడం లేదని మా బిడ్డ చెబుతుంటే, కాలం మారినందుకు సంతోషించాలో, నేను దానికంటే వెనకబడినందుకు సిగ్గుపడాలో తెలియదు. ఆ జంట ఒడ్డుకొచ్చి, పడవ విప్పి సంచీలో సర్దుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. ఆలుమగలే పోయాలన్నది ఆచారం, నిజమే. కానీ ఆ రోజు ఆ పడవలో అక్కా నేనూ హాయిగా పట్టాం, బియ్యం మూట నా ఒళ్లోనే ఉంది.